తడిపిండి లేకుండా అవ్వ అరిసెలు రావు

సంక్రాంతి దగ్గర పడితే చాలు, 'మా అవ్వ చేతి అరిసెలు ఇంకెక్కడా దొరకవు' అనే పోస్టులు మొదలవుతాయి. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. ఆ రుచి అవ్వతోనే పోయిందని రాస్తే మాత్రం ఒప్పుకోను. తిరుపతి అపార్టుమెంట్లో గ్యాసు పొయ్యి మీద కూడా అవే అరిసెలు వస్తాయి. ప్యాకెట్ బియ్యప్పిండి కొంటేనే రావు.

పొడిపిండి పాకంలో తడినంతా పీల్చేస్తుంది, అరిసె పగిలి గట్టిపడుతుంది. తడిపిండి అయితే వేడి పాకంలో కొంచెం ఉడికి, పాకాన్ని పట్టుకుంటుంది. కిలో బియ్యం ముందురోజే నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. వడగట్టి, నీడలో గుడ్డ మీద కాసేపు ఆరనివ్వండి, చేతికి చెమ్మ తగులుతుండగానే మిషన్‌కు తీసుకుపోండి. కారం ఆడిన మిషన్ అయితే ఘాటు అంటుతుంది, ముందే అడగండి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టాలి. గాలికి వదిలేస్తే పడ్డ కష్టమంతా వృథా.

బెల్లం ముప్పావు కిలో. చిత్తూరు మార్కెట్లో తెల్లగా మెరిసే అచ్చు చూసి మురిసిపోవద్దు. రంగు తేలడానికి కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగుదే తీసుకోండి, కరిగాక తప్పక వడగట్టండి, ఇసుక ఉంటుంది.

ఇక పాకం. అవ్వలు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకున్నది ఇక్కడే. పళ్లెంలో చన్నీళ్లు పోసి పాకం చుక్క వేయాలి. నీళ్లలో పరుచుకుని కరిగిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండగా చేరి, పైకెత్తితే కొంచెం సాగినట్టుండి నిలిస్తే చాలు, వెంటనే దించేయాలి. పళ్లేనికేసి కొడితే టంగుమంటే ముదిరింది, అది చెనిక్కాయ ఉండలకు పనికొస్తుంది. సరైన పాకం, ముదురు పాకం మధ్య ఉన్నది నిమిషమో రెండు నిమిషాలో. అందుకే ఈ చుక్క పని పిల్లలకు అప్పజెప్పండి, వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వద్దు, పాకం చర్మానికి అంటితే ఊడదు.

దించిన పాకంలో యాలకులు, నువ్వులు, రెండు స్పూన్ల నెయ్యి వేసి, పిండి పిడికెడు పిడికెడుగా కలపండి. మొత్తం పిండి పట్టాలని లేదు. గరిటె నుంచి ముద్ద మెల్లగా జారుతుంటే ఆపేయండి, చల్లారితే ఇంకా గట్టిపడుతుంది.

ముందు ఒక్క అరిసె తట్టి వేయించి చూడండి. నూనె మధ్యస్థంగా కాగాలి. అరిసె విచ్చిపోతే పాకం లేత లేదా పిండి తక్కువ, ఇంకో పిడికెడు తడిపిండి కలపండి. గట్టిగా వస్తే గోరువెచ్చటి పాలు చిలకరించి మర్దించండి. పైన ఎర్రగా మారి లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువ. తీయగానే రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కి నూనె తీసేసి, విడివిడిగా ఆరబెట్టాకే డబ్బాలో పెట్టండి. వేడిమీద మూత పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది.