పన్నీరు గులాబీని సగానికి నరకొద్దు

గులాబీలన్నింటినీ అక్టోబరులో సగానికి కత్తిరించమని కొందరు రాస్తుంటారు. హైబ్రిడ్ రకాలకు అది సరే. గుత్తులుగా పూసే పన్నీరు గులాబీకి మాత్రం ఎండు పుల్లలు, లోపలికి పెరిగి ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, మిగతా కొసల్ని మూడో వంతు తగ్గిస్తే చాలు. బయటికి చూసే కన్నుకు (చిగురు వచ్చే మొగ్గకు) పావు అంగుళం పైన ఏటవాలుగా కొయ్యాలి. మొద్దు కత్తెరకు నలిగిన కొమ్మే తరచుగా కొస నుంచి నల్లబడి కిందికి ఎండుతుంది. అలాంటిదాన్ని రెండంగుళాల పచ్చి భాగంతో సహా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంద్రనాశిని లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి కొట్టండి.

అంటు మొక్కైతే అంటు కట్టిన ముడి కింద నుంచి లేచే పిలకల్ని మొదలంటా పీకాలి. పైపైన కత్తిరిస్తే రెట్టింపుగా వస్తాయి. ఏడాకులుంటే అడవి కొమ్మే (అంటు కింది వేరు మొక్కదే) అన్న మాట నమ్మొద్దు, అది ఎక్కడ పుట్టిందో మట్టి తప్పించి చూడండి.

యూరియా ఎక్కువైతే ఆకులే, పూలుండవు. చివికిన పశువుల ఎరువు రెండు గుప్పిళ్లు, వేపపిండి ఒక గుప్పెడు, నెలకోసారి, కాండానికి తగలకుండా. వాసన కావాలంటే ఎండెక్కక ముందే, సగం విచ్చిన పూలు కొయ్యండి.