పొగకు జరిమానా... పొగకే టెండరా!

పెట్రోల్‌తో నడిచే బ్లోయర్లు, వ్యాక్యూమ్ మిషన్ల కొనుగోలు ఫైలు బల్దియా (మున్సిపాలిటీ) టేబుళ్ల మీద చాలా వేగంగా కదిలింది. పార్కుల్లో, డివైడర్ల మీద, రోడ్ల పక్కన రాలిన ఆకులను ఊది ఒకచోటికి చేర్చడానికి, పీల్చి సంచిలో నింపడానికి ఈ యంత్రాలట. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఒక పట్టణం కొంటే పక్క పట్టణం ఊరుకోదు. అందుకే ముందు ఎవరు సంతకం పెట్టారన్న పంచాయితీలోకి మేము పోవడం లేదు. ఆకులు కాల్చిన మనిషికి జరిమానా రాసే ఆఫీసే, అవే ఆకుల కోసం పొగ కక్కే ఇంజన్ కొనబోతోంది. మాకు మండుతున్నది అక్కడే.

బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. మంచి ఆదేశమే. వాకిట్లో రాలిన వేపాకులు కుప్పచేసి అగ్గిపుల్ల గీసిన ముసలమ్మను శానిటరీ జవాన్ గద్దించి పోతుంటే ఈ పత్రిక ఏనాడూ తప్పు పట్టలేదు. పొగ పొగే, ఎవరింటి ముందు లేచినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అయితే ఆ లెక్క బల్దియాకు కూడా వర్తించాలి కదా?

ఈ బ్లోయర్ల కడుపులో ఉండేది ఎక్కువగా టూ స్ట్రోక్ ఇంజన్. పాత స్కూటర్లు, పాత ఆటోలు నడిపినవాళ్లకు దాని సంగతి చెప్పనక్కర్లేదు. బంకుకు పోయి పెట్రోల్‌లో టూటీ ఆయిల్ కలిపించుకున్న రోజులు చాలామందికి గుర్తే. పత్తి చేలల్లో వీపున తగిలించుకుని మందు కొట్టే పెట్రోల్ పంపు నుంచి మందు ట్యాంకు తీసేస్తే మిగిలేది దాదాపు ఇదే. ఈ రకం ఇంజన్‌లో కాలిన పొగ బయటికి పోయే సమయంలోనే కొత్త పెట్రోల్ లోపలికి వస్తుంది. ఆ తోపులాటలో సుమారు పావు వంతు ఇంధనం కాలకుండానే పొగతోపాటు గాల్లో కలుస్తుంది. లీటరు వంద దాటిన పెట్రోల్! పోయేది జనం పన్నుల డబ్బు, పీల్చేది కూడా ఆ జనమే.

ఇది మా సొంత భయం కాదు. పెద్ద బ్లోయర్ ఒక గంట నడిస్తే, కొత్త కారు 1,100 మైళ్లు తిరిగినంత స్మాగ్ కారక కాలుష్యం వెలువడుతుందని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర వాయు వనరుల మండలి లెక్క కట్టింది. అంటే దగ్గర దగ్గర 1,770 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బయల్దేరి ఢిల్లీ దాటి పోవచ్చు. ఆ రాష్ట్రం 2021లో చట్టం చేసి, ఇలాంటి చిన్న ఇంజన్ల కొత్త అమ్మకాలను 2024 జనవరి నుంచి ఆపేసింది. వాషింగ్టన్ నగరమైతే 2022 జనవరి నుంచి పెట్రోల్ బ్లోయర్ల అమ్మకాన్నే కాక వాడకాన్నీ నిషేధించింది. ఇంటి ముందు గడ్డి మీద ఒక్క ఆకు పడితే ఓర్చుకోలేని దేశమే ఈ మిషన్‌ను వదిలించుకుంటుంటే, మనవాళ్లు దానికి కొబ్బరికాయ కొట్టడానికి సిద్ధమవుతున్నారు.

నల్గొండ సంగతి మరీ విడ్డూరం. కేంద్రం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరులతోపాటు నల్గొండ పేరు కూడా ఉంది. అది బిరుదు కాదు. గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని పట్టణాల జాబితా అది. 2017-18తో పోలిస్తే 2025-26 నాటికి ధూళి కణాలను 40 శాతం వరకు తగ్గించాలన్నది లక్ష్యం. ధూళి తగ్గించాలని ఒక ఫైలు, ధూళి లేపే మిషన్ కొనాలని ఇంకో ఫైలు! బ్లోయర్ గొట్టం నుంచి గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో కొడుతుంది. ఆ గాలికి లేచేది ఆకు ఒక్కటేనా? రోడ్డు అంచున పేరుకున్న సన్నమట్టి, లారీల నుంచి రాలిన సిమెంటు, మిర్యాలగూడ లాంటి చోట్ల మిల్లుల బూడిద, ఎండిపోయిన పశువుల పేడ అన్నీ లేస్తాయి. లేచి ఎటు పోతాయి? మిర్చి బజ్జీల బండి మీదికి, బస్టాపులో నిలబడ్డ పిల్లల కళ్లలోకి. ఊడ్వడమంటే చెత్తను అక్కడి నుంచి తీసేయడం. దుమ్మును పక్క దుకాణం మీదికి తోసేసి వీధి శుభ్రమైందని బిల్లు పెట్టుకోవడాన్ని ఏమనాలో అధికారులే చెప్పాలి.

చప్పుడు విషయంలోనూ అదే రెండు నాలుకల ధోరణి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా ఇంకా తక్కువ. పెట్రోల్ బ్లోయర్ 15 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషికే 70 డెసిబెల్స్‌కు అటూ ఇటూగా వినిపిస్తుంది. మన పట్టణాల్లో ఊడ్చే పని తెల్లవారుజామున 5 గంటలకే మొదలవుతుంది. అంటే మొదటి గంటంతా రాత్రి నిబంధనను, ఆ తర్వాత పగటి నిబంధనను తొక్కడమే. బుల్లెట్ బండ్ల సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించి ఫొటోలు దిగే యంత్రాంగం, తన సొంత మిషన్‌కు ఏ రోలర్ తెస్తుంది?

ఆ మిషన్ పట్టుకునే మనిషి గురించి ఫైలులో ఒక్క వాక్యమైనా ఉందా అన్నది మా అనుమానం. పక్కన నిలబడ్డవాళ్ల సంగతి సరే, మోసేవాడి చెవి దగ్గర ఆ చప్పుడు 95 డెసిబెల్స్‌ను దాటుతుంది. 100 డెసిబెల్స్ చప్పుడును రోజుకు 15 నిమిషాలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన సఫాయి కార్మికుడు వింటే గంటల తరబడి వింటాడు. మన దగ్గర ఆకు బాగా రాలేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. అంటే ఎండ ముదిరే రోజుల్లో, వీపు మీద వేడి ఇంజన్, చేతులకు ఆగని అదురు, ముక్కు ముందు టూటీ పొగ. చెవులకు మఫ్స్, కళ్లకు గాగుల్స్ లేకుండా దీన్ని ముట్టుకోకూడదని దాంతో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. గ్లౌజులే సరిగా ఇవ్వని చోట మఫ్స్ ఇస్తారంటే నమ్మమంటారా?

ఇక వ్యాక్యూమ్. కంపెనీ వీడియోలో ముచ్చటగానే ఉంటుంది. గొట్టం మార్చి నేల మీద పెడితే ఆకును పీల్చుకుంటుంది, లోపలి ఫ్యాను దాన్ని పొడిచేసి సంచిలోకి తోస్తుంది. కానీ ఆ వీడియోలో ఉండేది పొడి ఆకు ఒక్కటే. మన రోడ్డు పక్కన ఆకుతోపాటు గుట్కా ప్యాకెట్, క్వార్టర్ సీసా మూత, కంకర రాయి, చాయ్ కప్పు కలిసి ఉంటాయి. రాయి తగిలితే ఫ్యాను రెక్క విరుగుతుంది. తడి ఆకు పడితే గొట్టం మూసుకుపోతుంది. వీటన్నిటికంటే నష్టం ఇంకొకటి ఉంది. ప్లాస్టిక్ కూడా ఆకుతో కలిసి ముక్కలైపోతే ఆ పొడి ఎరువుకు పనికిరాదు, విడదీయడం ఎవరి తరమూ కాదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయకపోతే మీ ఇంటి చెత్త తీసుకోబోమని గృహిణులను బెదిరించేది ఈ బల్దియాలే. ఆ రెండింటినీ మరపట్టి కలిపే మిషన్‌కు మాత్రం వాళ్ల డబ్బుతోనే బిల్లు చెల్లిస్తాయి.

కార్మికులు తక్కువగా ఉన్నారని, హరితహారంలో నాటిన చెట్లు పెరిగి ఆకు ఎక్కువైందని, మిషన్ ఉంటే పని త్వరగా తెములుతుందని అధికారులు అంటున్నారు. కార్మికులు తక్కువైతే కార్మికులను తీసుకోవాలి. పాలమూరు నుంచి పని వెతుక్కుంటూ బస్సులెక్కి పోయే జనం ఇంకా ఉండగానే, మనుషులు దొరకక మిషన్లు కొంటున్నామని చెప్పడానికి నోరెలా వస్తోంది? తారు వేసే ముందు రోడ్డు మీద మట్టి ఊదడం లాంటి పనికి బ్లోయర్ తప్పదంటే బ్యాటరీవి దొరుకుతున్నాయి, రెండు మూడు తెచ్చుకోండి. పెట్రోల్‌దే ఎందుకని అడిగితే మాత్రం జవాబు లేదు.

అసలు ఆ ఆకును సంచుల్లో నింపి డంపింగ్ యార్డుకు మోయాలని ఎవరు చెప్పారు? పార్కుల చెత్తను విడిగా సేకరించి, వీలైనంత వరకు ఆ పార్కులోనే ఎరువుగా మార్చాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మన డివైడర్ల మీద, కాలనీల్లో పెరిగింది ఎక్కువగా కానుగ, వేప. కానుగాకు పొలంలో తొక్కించి మడి కట్టిన రైతులు ఈ జిల్లాలకు కొత్త కాదు. పార్కు మూలన రెండు గుంతలు తవ్వి, ఆకు వేసి, పేడ నీళ్లు చల్లి, పైన మట్టి కప్పితే కొన్ని నెలల్లో ఎరువు తయారవుతుంది. మున్సిపాలిటీల బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే ఖర్చు పెట్టాలని 2019 మున్సిపల్ చట్టం చెప్పింది. చెట్టు పేరు చెప్పి తీసిన సొమ్ము ఆ గుంతల మీద పెడితే అర్థముంది, టూ స్ట్రోక్ ఇంజన్ మీద పెడితే ఏ పద్దు కింద చూపిస్తారు?

ఇవాళ బల్దియా కొంటే రేపు ఫంక్షన్ హాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు, గేటెడ్ కాలనీలు కొంటాయి. ఆన్‌లైన్‌లో ఇవి ఇప్పటికే దొరుకుతున్నాయి. అప్పుడు చప్పుడని, పొగని ఎవరైనా ఫిర్యాదు చేస్తే కమిషనర్ ఏ ముఖంతో నోటీసు ఇస్తారు? మీ దగ్గర ఉన్నదే మా దగ్గరా ఉందని వాళ్లంటే నోరు మూసుకోవడమేగా. ముసలమ్మకు మాత్రం అప్పుడు కూడా జరిమానా తప్పదు, ఆమె దగ్గర టెండర్ లేదు కాబట్టి.

పొరకలు అరిగిపోయాయని, బూట్లు చినిగాయని కార్మికులు పెట్టుకున్న అర్జీలు నెలల తరబడి మూలుగుతుండగా ఈ ఒక్క ఫైలుకే రెక్కలెలా వచ్చాయి? పెట్రోల్ మిషనే కావాలని ఎవరు రాశారు, గాలి మీద, చప్పుడు మీద ఉన్న నిబంధనలను చూశామని ఎవరు సంతకం చేశారు? ఈ కాగితాలను కౌన్సిలర్లు అడగకపోతే సమాచార హక్కు కింద మేమే అడుగుతాం. వచ్చిన జవాబును, సంతకాలతో సహా, ఈ పేజీలోనే అచ్చు వేస్తాం.