నా సైకిల్ వెనక టైరు గారికి

అయ్యా,

నమస్కారం. నిన్న మధ్యాహ్నం అలిపిరి నుంచి లీలామహల్ సర్కిల్ దాకా దిగుడులో తమరు పెట్టిన కచేరీ నాకే కాదు, పక్కన నడిచిపోతున్న గుండు భక్తులకు కూడా వినబడింది. దబ్... దబ్... దబ్. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక దబ్బు. స్పీడు పెరిగేకొద్దీ తాళం కూడా పెరిగింది. దెబ్బలన్నీ సీటులో నుంచి నేరుగా నా నడుముకే చేరాయి. హ్యాండిల్ మాత్రం అదరకుండా కుదురుగా ఉంది, కాబట్టి ముందున్న తమరి తమ్ముడికి ఈ పాపంలో వాటా లేదు.

తమరిని కొత్తగా వేసిన షాపుకే పోయాను. ఆ అన్న బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, "గాలి బాగానే ఉంది సార్, రోడ్డే అట్లుంది" అన్నాడు. ముందు టైరుకు లేదా ఆ రోడ్డు? ఇంకో షాపులో రిమ్ము బెండన్నారు. ఇష్టమొచ్చినట్టు స్పోకులు బిగించి డబ్బులు తీసుకున్నారు. సైకిల్‌ను తిరగేసి చక్రం ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తిప్పి చూద్దామని ఎవరికీ తోచలేదు! ఎండలో మధ్యాహ్నమంతా పోయింది.

చివరికి ఇంటికొచ్చి నేనే తిప్పాను. బ్రేకు రబ్బరు పక్కన పెన్సిలు ఆనించి పట్టుకుంటే రిమ్ము బుద్ధిగా తిరిగింది. సందు అంతా ఒకేలా ఉంది. అదే పెన్సిలును తమరి నెత్తి మీదికి జరిపితే ఒకచోట సందు వెడల్పయింది. అక్కడే ఆపి చూశాను. రిమ్ముకు ఆనుకొని తమరి ఒంటి చుట్టూ సన్నటి గీత ఉంటుంది కదా, అది అంతటా సమానంగా కనబడాలి. అక్కడ మాత్రం జానెడు మేర రిమ్ములోకి మునిగిపోయి ఉంది. అంటే తమరి అంచు తన చోట్లో కూర్చోనే లేదు. ఒంటి మీద ఎక్కడైనా ఉబ్బు వచ్చి లోపలి దారాలు తెగి ఉంటే తీసి పారేయడమే. అదృష్టవంతులు, ఆ జబ్బు లేదు.

అయినా ఏం టైరువి నువ్వు? గుండ్రంగా ఉండడం తప్ప నీకింకేం పనుంది? గంట కొట్టమన్నానా, దారి చూపించమన్నానా? (స్టాండు సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తా. అదీ తక్కువదేం కాదు.)

ఈ సాయంత్రం నీ గాలంతా తీసేస్తా. అంచు చుట్టూ సబ్బునీళ్లు పూసి, రెండు పక్కలా పిసికి, నీ ఒంటి మీద రాసిన హద్దు దాకా గాలి కొడతా. "టప్"మని చోట్లోకి ఎక్కావా, సరే. ఎక్కలేదా, మా వీధి పిల్లలకిచ్చేస్తా. కర్రతో కొట్టుకుంటూ దొర్లిస్తారు. నువ్వు ఎంత ఎగిరితే వాళ్లకంత సంబరం.

ఇట్లు,
తమరి మీద కూర్చోక తప్పనివాడు,
తిరుపతి