ఒక్క ఫ్యాను బిగించలేక ఒక వైండర్‌ను పోగొట్టుకున్నాము

మా ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు షెడ్డులో మూడేళ్లుగా కాయిళ్లు చుడుతున్న కుర్రవాడు ఈ రోజు మధ్యాహ్నం లెక్క చూసుకుని, నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం యజమాని ‘ఈ కాలం పిల్లలకు నిలకడ లేదు’ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

నిలకడ లేనివాడు హెచ్‌టీ కాయిల్ (ఎక్కువ వోల్టేజీ వైపు కాయిల్) చుట్టగలడా? సన్నని తీగను, పొరకూ పొరకూ మధ్య కాగితం పరుస్తూ వేల చుట్లు చుట్టాలి. లెక్క తప్పితే, రెండు వైపుల కాయిళ్ల చుట్ల నిష్పత్తి చూసే రేషియో టెస్టులో బయటపడుతుంది, అప్పుడు చుట్టినదంతా విప్పుకోవాలి. ఆ పనిని అతడు రేకుల కప్పు కింద, పక్కనే కాయిళ్ల తడి ఆరబెట్టే హీటింగ్ ఛాంబర్ సెగ కొడుతుండగా, సంక్రాంతికి ఆగిపోయిన ఫ్యాను కింద కూర్చుని చేశాడు. తడి తగిలితే కాగితం ఇన్సులేషన్ బలం తగ్గుతుందని నేర్పింది నేనే కనుక, చెమట చుక్క దాని మీద పడకూడదని మెడకు తువ్వాలు చుట్టుకుని, మాటిమాటికీ మోచేత్తో నుదురు తుడుచుకునేవాడు. ఫ్యాను కోసం నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ ‘వచ్చే వారం’ అన్నారు.

యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారే నడిచి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. పరకాల, నర్సంపేట వైపు రైతులు వాటిని ట్రాక్టర్లలో వేసుకొస్తారు. పొట్ట మీదున్న వరి ఎండిపోతుందని వాళ్లు గేటు దగ్గరే కూర్చుంటే, రాత్రి పని చేయనన్న వాళ్లు మాలో ఒక్కరూ లేరు. అయితే నిర్ణీత గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్నదే. మాకు ఇచ్చేది టీ, బిస్కెట్. నా బిడ్డ పుట్టిన రాత్రి కూడా, అప్పుడు పని చేసిన ఇంకో షెడ్డులో, నేను కాయిల్ దగ్గరే ఉన్నాను. ఆ రాత్రి కూలి నాకు ఈనాటికీ రాలేదు.

ఆ కుర్రవాడు హైదరాబాద్‌లోని జీడిమెట్లకు పోతున్నాడు. జీతం ఇక్కడిదే, పైగా గది కిరాయి అదనపు ఖర్చు. అయినా అమ్మానాన్నలను విడిచి దాదాపు 150 కిలోమీటర్లు పోవడానికి సిద్ధపడ్డాడంటే, అక్కడ ఎనిమిది గంటల పనితో షిఫ్టు ముగుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది.

సగం చుట్టిన కాయిల్ ఇంకా మిషన్ మీదే ఉంది. ఎన్ని చుట్లయ్యాయో చీటీ రాసి, దారంతో దానికి కట్టి మరీ వెళ్లాడు. రేపు పొద్దున ఆ చీటీని యజమాని బల్ల మీద పెట్టి, ఆ మాట వెనక్కి తీసుకోమని అడుగుతాను.