సర్వర్ మార్చడమంటే ఫోల్డర్ కాపీ కొట్టడం కాదు

మా చిత్తూరు, తిరుపతి కంప్యూటర్ సర్వీసు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "సర్వర్ మొరాయిస్తోందా? కంగారొద్దు. ముందు డిస్క్ చెక్ కొట్టండి. రెయిడ్ ఉంటే డేటాకి ఢోకా లేదు. షేర్ ఫోల్డర్ మొత్తం కొత్తదానికి కాపీ కొట్టి, పాత ఐపీ నంబరే ఇవ్వండి. ఎవరికీ తెలియకుండా గంటలో అయిపోతుంది. పాతది ఫార్మాట్ చేసి వాడుకోండి." నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఒక తమ్ముడు "కరెక్టే కదన్నా?" అని అడిగాడు. కాదు తమ్ముడూ.

మొదటి సలహాతోనే పేచీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. విండోస్‌లో డిస్కు తప్పులు వెతికే చెక్‌డిస్క్ అయినా, లినక్స్‌లో అదే పని చేసే ఎఫ్‌ఎస్‌సీకే అయినా రిపేరుకి దిగితే చూసి ఊరుకోవు, లెక్క కుదరని చోటల్లా దిద్ది రాస్తాయి. చదవడానికే ఆయాసపడుతున్న డిస్కు మీద రాయిస్తే మిగిలిందీ పోవచ్చు. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే లెక్క) పెండింగ్ సెక్టార్ల (చదవడం కుదరక అనుమానంలో పెట్టిన చోట్ల) అంకె పెరుగుతూ ఉంటే ముందు, పాడైన డిస్కు నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తానికి నకలు తీయండి. అది బాగున్న భాగాన్ని ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి ఆఖర్న వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు. రిపేరేదో ఆ నకలు మీద చేసుకోవచ్చు.

రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా వాడే ఏర్పాటు) మాట సగం నిజం. ఒకే డేటా రాసుకునే జంట డిస్కుల్లో ఒకటి పోతే పని ఆగదు, సరే. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే మాత్రం రెండింట్లోనూ ఒకేసారి పోతుంది. పాడైంది డిస్కు కాక రెయిడ్ కార్డే అయితే, ఆ డిస్కులు ఇంకో కంపెనీ కార్డుకి అర్థం కాకపోవచ్చు కూడా.

అసలు గొడవంతా "కాపీ కొట్టి" అన్న రెండు మాటల్లో ఉంది. ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో, తోతాపురి సీజన్ ముందర, ఈ తప్పు నేనే చేశాను. అక్కడి కంప్యూటర్లన్నీ లినక్స్, అందరూ వాడే షేర్ ఫోల్డరేమో ఎన్‌ఎఫ్‌ఎస్, అంటే నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచే లినక్స్ పద్ధతి. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో రాత్రంతా కాపీ చేశాను. ఫైళ్ల లెక్క కలిసింది, సైజూ కలిసింది. పొద్దున చూస్తే అకౌంట్స్ అమ్మాయికి తన ఫోల్డరే తెరుచుకోలేదు. కాటా దగ్గరి అబ్బాయికి మాత్రం జీతాల పట్టీ హాయిగా తెరుచుకుంది. "అన్నా, అందరికీ పెరిగింది, నాకే పెరగలేదే" అని వాడే వచ్చి చెప్పాడు.

జరిగిందేమిటంటే, సిస్టమ్‌లో ప్రతి యూజర్‌కీ ఒక పేరూ, ఒక నంబరూ ఉంటాయి. ఆర్‌సింక్ మామూలుగా యూజర్ పేరు చూసి ఫైలు ఓనర్‌ని కలుపుతుంది. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ షేరేమో నంబరు చూసి లోపలికి రానిస్తుంది. పాత సర్వర్లోనూ, అందరి కంప్యూటర్లలోనూ అకౌంట్స్ నంబరు 1001, కాటా 1002. కొత్త సర్వర్లో యూజర్లను నేను వేరే వరసలో చేర్చాను, అకౌంట్స్‌కి 1002 పడింది. ఫైళ్లూ ఆ నంబరు మీదికే వెళ్లాయి. కాటా అబ్బాయి దర్జాగా 1002గా వచ్చి తెరుచుకున్నాడు. పేర్లు చూడకుండా నంబర్లనే ఉన్నవున్నట్టు ఉంచే న్యూమరిక్ ఐడీస్ అనే ఒక్క ఆప్షన్ పెట్టి ఉంటే నాకీ తలవంపు ఉండేది కాదు. ఆర్‌సింక్‌కి ఉత్త '-a' ఆప్షన్ ఇస్తే హార్డ్ లింకులు (ఒకే ఫైలుకి ఉన్న వేరే పేర్లు), ఏసీఎల్ అనుమతులు (ఎవరికి ఏ హక్కో విడివిడిగా రాసిన జాబితా) కూడా రావు, వాటిని విడిగా అడగాలి. పాతదాంట్లో లేనివాటిని కొత్తదాంట్లోనూ చెరిపేసే డిలీట్ ఆప్షన్‌తో మరీ జాగ్రత్త. పాత డిస్కు మౌంట్ కాకుండా, అంటే సిస్టమ్‌కి జతకాకుండా, ఖాళీ ఫోల్డర్ ఉందనుకోండి, కొత్తదాన్ని కూడా ఖాళీ చేసి "అయిపోయింది" అంటుంది.

పాత ఐపీ (నెట్‌వర్క్‌లో సర్వర్ చిరునామా) ఇవ్వడం తప్పు కాదు, కానీ దానితో సరిపోదు. కంప్యూటర్ల దగ్గరున్న ఫైల్ హ్యాండిళ్లలో (ఏ ఫైలు కావాలో సర్వర్‌కి చెప్పే గుర్తులు) సాధారణంగా పాత ఫైల్‌సిస్టమ్ గుర్తూ, ఐనోడ్ నంబర్లూ (డిస్కులో ప్రతి ఫైలుకీ ఉండే నంబరు) ఉంటాయి. కాపీ చేస్తే ఆ నంబర్లు మారిపోతాయి. అందుకే పేరూ ఐపీ అవే ఉన్నా "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అని, అంటే ఆ గుర్తు చెల్లదని, ఎర్రర్ తగులుతుంది. మార్పుకి ముందే అన్ని చోట్లా అన్‌మౌంట్ చేసి, తర్వాత మళ్లీ మౌంట్ చేయాలి. ఆ పని మీదున్నప్పుడే ఐపీకి బదులు ఒక పేరుతో మౌంట్ చేస్తే, మళ్లీ సర్వర్ మారినప్పుడు ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి సెట్టింగు మార్చే పని ఉండదు.

ఇక గంట సంగతి. గిగాబిట్ లైను లెక్క ప్రకారం సెకనుకి 125 మెగాబైట్లు, చేతికి వచ్చేది 110 దాకా. ఆ లెక్కన 4 టెరాబైట్లకి పది గంటలు. లక్షల్లో చిన్న ఫైళ్లుంటే ఇంకా ఎక్కువ. అందుకే రెండు విడతలు: జనం పని చేసుకుంటుండగా ఒకసారి, రాత్రి షేర్‌ని చదవడానికి మాత్రమే అని మార్చేసి ఇంకోసారి. రెండోసారి మారినవే వెళ్తాయి కాబట్టి త్వరగా తేలుతుంది. కానీ ఆ కాసేపూ ఎవరూ ఏదీ సేవ్ చేయలేరు. ఎవరికీ తెలియకుండా ఎలా కుదురుతుంది? ముందే చెప్పి, అందరిచేతా ఫైళ్లు మూయించండి.

పాతదాన్ని ఫార్మాట్ చేయొద్దు. నెట్‌వర్క్ వైరు పీకి, పక్కన పెట్టండి. ఆ పల్ప్ ఫ్యాక్టరీలో మూడు వారాల తర్వాత, లారీల వరస రోడ్డు దాకా ఉన్న రోజున, కాటా అబ్బాయే ఫోన్ చేశాడు: "అన్నా, పోయిన సంవత్సరం తూకం ఫోటోలు యాడుండాయి?" షేర్‌లో కాదు, పాత సర్వర్ డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ నాతో అనలేదు, నేనూ అడగలేదు.