ముందు ఆర్డరు సరిగ్గా రాయించుకోండి

విడిపోయిన దంపతుల్లో పిల్ల ఒకరి దగ్గరుండి, కోర్టు ఆర్డరున్నా రెండోవాళ్లని పిల్లతో ఫోన్లో మాట్లాడనివ్వకపోతే, హైకోర్టులో కోర్టు ధిక్కారం కేసు వెయ్యమన్నారు ఓ వ్యాసంలో. శ్రీకాకుళం నుంచి అమరావతి హైకోర్టు దాకా తిరిగే స్తోమత ఎందరికుందండీ? ఆర్డరిచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే అమలు పిటిషన్ వెయ్యొచ్చు, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 18వ సెక్షన్ అందుకే ఉంది.

అసలు చిక్కు ఆర్డరు రాతలోనే. "వీలున్నప్పుడు మాట్లాడించాలి" అని ఉంటే ఎవర్ని ఏమని నిలదీస్తారు? ఏ నంబరుకి, ఎన్నింటికి, ఎవరు చెయ్యాలి, ఆ పూట తప్పితే మళ్లీ ఎప్పుడు, అన్నీ రాయించుకోవాలి. మా ఎచ్చెర్ల వైపు మత్స్యకారులు వేటకి గుజరాత్‌లోని వెరావల్ వలసపోతారు. బోటు నడిసముద్రంలో ఉంటే సిగ్నలెక్కడిది? అలాంటాయనకి "రోజూ సాయంత్రం 7కి" అని రాయిస్తే ఆర్డరు తప్పింది తల్లా, తండ్రా? ఒడ్డుకొచ్చిన రోజుల లెక్కన అడగాలి. 2020లో సుప్రీంకోర్టు రోజుకి 5-10 నిమిషాలు మాట్లాడించాలని చెప్పింది నిజమే, కానీ మన ఆర్డరులో ఏముందన్నదే అమలుకి ముఖ్యం.

"డబ్బు పంపడు, ఫోనెందుకివ్వాలి" అంటారు కొందరు. మనోవర్తి బాకీకి వేరే పిటిషన్ ఉందమ్మా, పిల్లని మధ్యలో పెట్టకండి. ఫోన్ చేసి పిల్ల దగ్గర తల్లిని తిట్టిపోసే తండ్రులూ ఉన్నారు లెండి, అప్పుడు ఆర్డరు మార్చమని ఆవిడా అడగొచ్చు.