దేవుడి చేత సంతకం పెట్టించుకునే వాళ్లు

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటి, "హ్యాపీ న్యూ ఇయర్ బ్రదర్", "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్" అన్నీ అయ్యాక మన సంఘాల్లో అసలు కార్యక్రమం మొదలవుతుంది. వాగ్దానం కార్డులు! బల్ల మీద బుట్ట, బుట్టలో బోర్లించిన కార్డులు, బల్ల వెనక అయ్యగారు. లైన్లో వెళ్లి ఒకటి తీసుకోవాలి. సృష్టికర్త ఏడాది మొత్తానికీ మనతో చెప్పదలచుకున్నది ఒక్క బైబిల్ వాక్యంగా ఆ జేబు సైజు అట్ట మీద, గులాబీ పువ్వు పక్కన అచ్చయి ఉంటుంది.

నాకు బుట్టతో పేచీ లేదు. రెండోసారి చెయ్యి పెట్టేవాళ్లతోనే.

ఒక అంకుల్ ఉంటారు. ప్రతి సంఘంలోనూ ఉంటారు, మీకూ తెలుసు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, బుట్ట అడుగుదాకా చెయ్యి దూర్చి తీస్తారు. పైనున్న కార్డులు దేవుడు పెట్టినవి కావని ఆయన గట్టి నమ్మకం. కళ్లజోడు సర్దుకుని చదువుతారు: "నా కృప నీకు చాలును." మొహం మాడిపోతుంది. మార్చిలో కొడుకు పేరు హెచ్‌1బీ లాటరీకి వెళ్లాలి, కృప చాలడమేమిటి? "అయ్యగారూ, మా ఆవిడది పొరపాటున నాకొచ్చినట్టుందండీ" అంటూ మళ్లీ దూరుస్తారు. ఈసారి "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము." ఇది మరీ ఘోరం. వెనక లైన్లో చంటిపిల్లలు నిద్రకు ఏడుస్తుంటారు. మూడోసారికి యిర్మీయా 29:11 దొరుకుతుంది. సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు! అంకుల్ కళ్లలో నీళ్లు. దేవుడు మాట్లాడాడు. మొదటి రెండుసార్లు మాట్లాడిందెవరో ఎవరూ అడగరు.

ఆ కార్డు వేసినవాళ్లు పదో వచనాన్ని నేర్పుగా కత్తిరించేశారు. అది బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దేవుడు అక్కడ చెప్పింది, డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని వెనక్కి తెస్తానని. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లకు యెరూషలేము మళ్లీ చూసే యోగం లేదన్నమాట. ఆలోచిస్తే అంకుల్‌కి సరైన కార్డే వచ్చింది, గ్రీన్‌కార్డు క్యూకి ఇంతకంటే తగిన వాక్యం బైబిల్లో లేదు.

చీటీల పిచ్చి మనతో మొదలవలేదు లెండి. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ అంతటివాడు 1737లో అమెరికాలోని జార్జియాలో, సోఫియా హాప్కీ అనే అమ్మాయిని చేసుకోవాలా వద్దా తేల్చుకోలేక మూడు చీటీలు వేశాడు. చేసుకో, ఈ ఏడాదికి ఆ ఊసొద్దు, అసలే వద్దు. మూడోది వచ్చింది. పెళ్లి మానేశాడు. ఆ అమ్మాయి కొద్ది రోజుల్లోనే ఇంకొకరిని చేసుకుంది, దేవుడి నిర్ణయం కోసం ఆవిడ ఏ బుట్టా వెతికినట్టు లేదు.

ఇదంతా అంటే వెంటనే దేవుణ్ణి గుర్తు చూపించమని అడిగిన బైబిల్ వీరుడు గిద్యోనును తెస్తారు. "ఆయన గొర్రెబొచ్చు పెట్టి రెండుసార్లు అడిగాడు కదండీ!" అడిగాడు. రెండోసారి అడిగేటప్పుడు "నీ కోపము నామీద మండనియ్యకుము" అని వణుకుతూ అడిగాడు. పైగా ఆయన అడిగింది మిద్యానీయుల మీద యుద్ధానికి, హైవే పక్కన ప్లాట్ రిజిస్ట్రేషన్‌కి కాదు. సూచక క్రియ, అంటే రుజువుగా ఒక అద్భుతం, చూపించమన్నవాళ్లను యేసు "వ్యభిచారులైన చెడ్డతరము" అన్నాడు. ఈ ముక్క మాత్రం గులాబీ పువ్వు పక్కన ఎవరూ వేయించరు.

బుట్ట దాకా నవ్వుకోవచ్చు. స్టేజీ ఎక్కితేనే నవ్వు రాదు. స్వస్థత సభలో కర్ర పడేసి నడిచినవాడికి మైకిస్తారు, సాక్ష్యం చెప్పిస్తారు. నడవలేక అదే ఆటోలో ఇంటికెళ్లినవాడికి మైకెవరిస్తారు? షుగరున్న ముసలామెకు ప్రార్థన నూనె సీసా అమ్మి, "నమ్మావుగా తల్లీ, ఇంకా ఇన్సులిన్ ఎందుకు?" అన్నవాణ్ణి దైవజనుడు అనకండి. దొంగ అనండి. పుండు ముదిరి కాలు తీసేశాక వచ్చి "విశ్వాసం చాల్లేదమ్మా" అంటాడే, వాడికి సిగ్గుండాలి. ఆమె డబ్బు పోయింది, కాలు పోయింది, చివరికి నేరం కూడా ఆమె మీదే! బైబిల్లోని యాకోబు పత్రికలో రోగికి నూనె రాయమని ఉంది, నిజమే. సంఘపు పెద్దలను పిలిపించుకోమని, వాళ్లు ప్రార్థన చెయ్యాలని ఉంది. సీసా ధర లేదు, మందులు మానమనీ లేదు.

అపొస్తలుడైన పౌలునే తీసుకోండి. ఎఫెసులో ఆయన చేతిగుడ్డలు తాకితే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఆ పౌలే తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు గుడ్డ పంపలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తాను "ముల్లు" అని పిలిచిన ఒంటి బాధను తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. అంకుల్ వెనక్కి పెట్టేసిన వాక్యం ఆయనకు అప్పుడొచ్చిన జవాబే. తోటి ప్రయాణికుడు త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతు అనే ఊళ్లో విడిచి వచ్చానని రాశాడు. అంతే రాశాడు. విశ్వాసం చాల్లేదని త్రోఫిమును పౌలే అనలేదు, ఆ ముసలామెను అనడానికి మీరెవరండీ?